ఎడమ భుజం, ఒక సెంటీమీటరు కిందికి

అరకవా ట్రాము మా వెనకగోడ రాసుకుంటూ పోతుంది.
పోయిన ప్రతిసారీ గుండుసూదుల డబ్బా సన్నగా వణుకుతుంది.
నలభై ఒక్క ఏళ్లుగా ఈ గదిలోనే
కలబడే ఆడపిల్లలకు బట్టలు కుడుతున్నాను.

నాకు కుస్తీ తెలీదు.
టేపు తెలుసు.
ముందు మెడ కొలవాలి.
విల్లులా వెనక్కి వంగి
నడినెత్తి మీద బరువు మోసే పిల్లల మెడలు
నెలనెలా లావెక్కుతాయి.
వాళ్లద్దం కన్నా ముందు నా టేపుకి తెలుస్తుంది.

ఇత్సుకో మొదటిసారి వచ్చినప్పుడు పదహారేళ్లు.
నీగాతా చలి ఇంకా బుగ్గల మీద ఎర్రగానే ఉంది.
నాలుగు మడతల కాగితం విప్పి చూపించింది:
మందు తాగకూడదు, పొగ తాగకూడదు,
మగవాడి ఊసెత్తకూడదు,
ఇరవై అయిదు నిండాక బరిలో ఉండకూడదు.
"మరి అన్నం?" అన్నాను.
"అన్నం ఎంతైనా తినొచ్చట!"
అప్పుడే ఏదో గెలిచొచ్చినదాని మొహం.

ఆమెను చెడ్డదాన్ని చేశారు.
నల్ల శాటిన్, భుజాల నిండా ఇనుప మేకులు.
మేకులంటే ప్లాస్టిక్కే,
వెండిరంగు నేనే పూశాను బాల్కనీలో,
వానాకాలం, మూడు రోజులకు గానీ ఆరలేదు.
వాటిని చూసి హాలునిండా స్కూలుపిల్లలు ఏడ్చేవాళ్లు.
"చచ్చిపో" అని గొంతు చిరిగేలా అరిచేవాళ్లు.
ఉత్తరాల్లో బ్లేడు ముక్కలు పెట్టి పంపేవాళ్లు.
ఆ బ్లేడ్లు పోగేసి నాకు తెచ్చిచ్చేది,
కుట్లు విప్పుకోడానికి పనికొస్తాయని.

మంచిదాని బట్టలూ నావే.
కినుయో. నిమ్మపండు రంగు, తెల్లంచు.
గంట మోగకముందు ఆమె మీదికి విసిరే కాగితపు చుట్టలూ
నిమ్మపండు రంగే,
మోకాళ్ల లోతు పడేవట.

జుట్టు పట్టి ఈడ్చి
ఇత్సుకో ఆమెను తాళ్ల మీంచి కిందికి తోసిన రాత్రి,
కినుయో మెడ నేలకు తగలకుండా
కింద ఇత్సుకో భుజం ఉందని
అంతమందిలో ఒక్కరూ చూడలేదు.
మూడు వారాలకు కొత్త కొలతలకొచ్చింది.
ఎడమ భుజం ఒక సెంటీమీటరు కిందికి.
పుస్తకంలో రాసుకున్నాను.
తనూ ఏం చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇరవై అయిదో ఏట పదిసార్లు గంట కొట్టి పంపించేశారు.
లారీ నడిపింది. బెంతో కొట్టులో చేపలు వేయించింది.
ఏటా జనవరిలో ఒక కార్డు,
బొమ్మ లేనిది.

ఇప్పటి పిల్లలు ఫోన్లో బొమ్మ చూపించి కుట్టమంటారు.
రిక్కాకి చెంకీలు కావాలి, జేబూ కావాలి.
"ఎన్నేళ్లు ఆడతావే?"
"మోకాళ్లు ఒప్పుకున్నన్నాళ్లు."
ఇంకొకామెకు నలభై ఏడు.
నేను ఆమె తొడ కొలుస్తుంటే
కూతురు ఆ మూల ఇస్త్రీబల్ల మీద లెక్కలు చేసుకుంటుంది.
వాళ్ల హాలు వరాబీలో, కూరగాయల బజారు పైన.
నూట ముప్పై కుర్చీలు,
సగం కెమెరాలు పట్టుకున్న మగవాళ్లవి.

మొన్న మంగళవారం తలుపు తోసుకుని ఇత్సుకో.
చంకలో అదే నల్ల శాటిన్, కర్పూరపుండల వాసన.
"ఒక్క ఆట. ఆ చెంకీల పిల్లతో.
పక్కలు విప్పి వదులు చెయ్యి.
ఎడమ భుజం మాత్రం ముట్టుకోకు."
టేపు చేతిలోనే ఉండిపోయింది.
"నీకెప్పుడు తెలిసింది?"
"ఆ తర్వాత నువ్వు కుట్టింది ఒక్కటీ
నా భుజం మీంచి జారలేదుగా."

నడుం ఇరవై సెంటీమీటర్లు పెరిగింది.
మెడ ముప్పై ఎనిమిది, అప్పటిదే.
సొరుగు అడుగున ఒక బ్లేడు ముక్క మిగిలింది.
మొండిదైనా నల్లదారం కింద దూరింది.

ట్రాము పోయింది. సూదులు వణికాయి.
కిటికీ వైపు చూస్తూ అడిగింది:
"అరుస్తారంటావా ఇప్పుడు, చచ్చిపో అని?"
"నూట ముప్పై మందే" అన్నాను.
"చాల్లే" అంది.